పెరిగిన కూలి ఎవరి బస్తాలో నుంచి?

(రాజోలులో రైతులు, వ్యవసాయ కూలీలు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క కోరిక. ముందు వరుస కుర్చీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వెనుక గోడ వారన నిలబడిన అమ్మలు, అక్కలు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. ఈరోజు నేను మాట్లాడేది మీ రెక్కల కష్టానికి చట్టం కట్టిన ధర గురించి. ఆ మాటలు మీరు వెనుక నిలబడి వినడం నాకు కష్టంగా ఉంటుంది. రండమ్మా, రండి. సంతోషం.

కనీస వేతన చట్టం కూలివారికి మేలు చేస్తుందా, లేక ఉన్న పనినే పోగొడుతుందా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం పాఠం చెప్పాను. నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, "ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, కూలి కూడా ఒక ధరే, కాబట్టి కూలి పెంచితే పని తగ్గుతుంది" అని చెప్పి, గంట కొట్టగానే బయటికి వచ్చేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ పాఠం తప్పు కాదు, సగం పాఠం. మిగిలిన సగం పుస్తకాలకన్నా ముందు మా ఇంట్లోనే నా కళ్లబడింది. దాన్ని తరగతి గదిలోకి తేవడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా నాన్నగారు కౌలు రైతు. ఈ తాలూకాలోనే మూడెకరాలు మక్తాకు, అంటే పంట ఎలా ఉన్నా ముందే ఒప్పుకున్న బస్తాలు కొలిచే కౌలుకు చేసేవారు. మా అమ్మ ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో కూలీల ముఠాతో కలిసి చేలోకి దిగేది. మిగతా రోజుల్లో లేసు అల్లేది. అంటే కూలి ఇచ్చే మనిషి, కూలి పుచ్చుకునే మనిషి ఒకే కప్పు కింద ఉండేవారు. కూలి రేటు పెరిగిందన్న కబురు వచ్చిన రోజు అమ్మ ముఖంలో వెలుగు, నాన్నగారి ముఖంలో దిగులు ఒకేసారి చూసి పెరిగాను.

1996 నవంబరు 6 నాటి తుఫానును ఈ ఊళ్లో నేను వర్ణించనక్కరలేదు. కోనసీమలో కొబ్బరిచెట్టు ఎలా పడిపోగలదో మనం ఆ రాత్రే చూశాం. వెయ్యిమందికి పైగా మనుషులు పోయారు. సార్వా (ఖరీఫ్) పంట కంకి బరువెక్కి కోతకు వస్తున్న సమయం. మా మూడెకరాలూ నేలకు ఒరిగి నీళ్లలో నానిపోయాయి. పడిపోయిన చేను కోయడం అంటే ఏమిటో మీకు తెలుసు. నిలబడిన చేనుకు పదిమంది చాలితే దీనికి ఇరవైమంది కావాలి. పైగా ఊరంతటికీ ఒకే వారంలో మనుషులు కావాలి. కూలి పెరిగింది. పెరగవలసిందే. బురదనీళ్లలో నడుము వంచి, మొలకెత్తుతున్న కంకుల్ని చేతులతో తడుముకుంటూ కోసిన పని అది. నాన్నగారు అడిగినంతా ఇచ్చారు. నూర్చి, ఎండబెట్టి కొలిస్తే ఎకరానికి పదమూడు బస్తాలు తేలాయి. ఒప్పుకున్న మక్తా ఎకరానికి పన్నెండు బస్తాలు. భూమిగలాయన కఠినుడు కాదు, మా ఇంట్లో పెళ్లికి వచ్చి అక్షింతలు వేసిన మనిషి. కళ్లంలోకి వచ్చి, "మాట అనుకున్నాం కదా" అని పన్నెండు చొప్పున కొలిపించుకుని వెళ్లారు.

ఆ సాయంత్రం నాన్నగారు అరుగు మీద కూలబడి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "ఈ ఏడు కూలీలు నన్ను ముంచేశారు." ముప్పై ఆరు బస్తాలు ఆయన కళ్లముందే బండెక్కి వెళ్లాయి. ఆయన నోటికి మాత్రం కూలీల పేరే వచ్చింది. ఆ కూలీల్లో మా అమ్మ కూడా ఉంది. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

నాన్నగారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మక్తా అనేది ఎండలాగా, వానలాగా ఆయనకు దైవనిర్ణయంగా కనిపించింది. కూలి ఒక్కటే మనుషులు పెట్టిన రేటుగా కనిపించింది. అందుకే కోపం అటు మళ్లింది. పెరిగిన కూలి ఆకాశం నుంచి ఊడిపడదు, ఎవరో ఒకరి బస్తాలో నుంచి రావలసిందే. ఆ బస్తా ఎవరిది? వేతన చట్టం గురించి ఎవరు వాదించినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరగకముందే, 1948 మార్చిలో, కనీస వేతనాల చట్టం వచ్చింది. రాజ్యాంగం కన్నా వయసులో పెద్దది ఈ చట్టం. వ్యవసాయాన్ని కూడా అందులో మొదటి నుంచీ చేర్చారు. అయితే "కనీసం" అంటే ఎంత? దానికి 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత ఇచ్చింది. సంపాదించే ఒక్క మనిషి మీద ముగ్గురు పెద్దవారికి సమానమైన తిండి ఖర్చు, ఒక్కొక్కరికి రోజుకు 2700 కేలరీలు, నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వంటి ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. తర్వాత 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం లాంటి అవసరాలకు మరో 25 శాతం కలపాలని చెప్పింది. 1957 నాటి తీర్మానంలో ఒక మాట మాత్రం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఈ లెక్క వేసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ల సంపాదనను పరిగణించనక్కరలేదు అన్నారు. మగవాడి వేతనం పెంచాలన్న మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ ఆడవాళ్ల పనిని లెక్కలో నుంచి తీసేయడం మనకు అప్పటికే బాగా అలవాటు. లేసు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ ఈ మాట గుర్తు చేస్తాను.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఎంత దూరం వెళ్లాయో మన కూలివారికి తెలియాలి. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు జరుగుతున్నప్పుడు అక్కడి కూలీల గురించి కేసు పడింది. 1982లో సుప్రీంకోర్టు చెప్పింది: చట్టం నిర్ణయించిన కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణ దాన్ని నిషేధించింది. మరుసటి ఏడాది రాజస్థాన్ కరువు పనుల కేసులోనూ అదే చెప్పింది. కరువు సాయం పేరుతో కూడా తక్కువ ఇవ్వడానికి వీల్లేదంది. "ఆమె ఒప్పుకునే వచ్చింది కదా" అనే మాటకు చట్టంలో విలువ లేదు. కనీస వేతనం వదులుకుంటానని రాసిచ్చిన కాగితం కూడా చెల్లదు.

ఇదే వరుసలో క్రౌన్ అల్యూమినియం కేసులో మరో మాట ఉంది. కనీస వేతనమైనా ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదు అని. కార్ఖానా విషయంలో ఆ మాటకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ మూడెకరాల కౌలు రైతు ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. 1996లో మా నాన్నగారికి బతికే హక్కు లేదా? ఆయన కింద కూలీలు ఉన్నారు, పైన మక్తా ఉంది. మధ్యలో ఆయన దగ్గర మిగిలినవి మూడు బస్తాలు. చట్టం ఆయన్ను "యజమాని" అంటుంది. ఈ డెల్టాలో చట్టం ఎక్కడ తడబడుతుందో తెలుసుకోవాలంటే ఇక్కడే వెతకాలి.

కనీస వేతనం వల్ల పనులు పోతాయా అన్న దాని మీద ప్రపంచంలో పెద్ద వాదం నడిచింది. 1946లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, పోతాయని గట్టిగా వాదించాడు. చాలాకాలం అదే పాఠ్యపుస్తకాల్లో నిలబడింది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్ల కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫలహారశాలలను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించారు. వేతనం పెరిగిన వైపు ఉద్యోగాలు తగ్గలేదు. దీని మీద విమర్శలు వచ్చాయి, వేరే లెక్కలు తీసి కాదన్నవారూ ఉన్నారు. క్రూగర్ 2019లో చనిపోయారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. జర్మనీ 2015లో మొదటిసారి గంటకు 8.50 యూరోల కనీస వేతనం పెట్టినప్పుడు కూడా చాలామంది భయపడ్డారు. పనులు కూలిపోలేదు, తక్కువ జీతగాళ్లు కొంత మెరుగైన సంస్థలకు మారారు.

అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని నేను చెప్పను. అమెరికాలో వేతనాన్ని 15 డాలర్లకు పెంచితే ఏమవుతుందని 2019లో అక్కడి పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం లెక్క వేసింది. కోటీ డెబ్బై లక్షల మందికి వేతనం పెరుగుతుంది, 13 లక్షల ఉద్యోగాలు పోవచ్చు అని అంచనా కట్టింది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటి దాచి ఒకటి చెప్పేవారిని నమ్మకండి.

మరి వేతనం పెరిగినా పని తగ్గకపోవడం ఎలా సాధ్యం? దీనికి జవాబు రైతులకు నా కన్నా బాగా తెలుసు. చుట్టుపక్కల ఒక్క మిల్లరే ధాన్యం కొంటుంటే ధర ఎలా ఉంటుంది? ఆయన చెప్పినదే ధర. అప్పుడు మనం ఏం కోరతాం? ప్రభుత్వం కనీస మద్దతు ధర ప్రకటించాలని కోరతాం. మద్దతు ధర పెడితే మిల్లరు ధాన్యం కొనడం మానేస్తాడని ఎవరైనా అంటే ఒప్పుకోం. "ఆయనకు ధాన్యం కావాలి, కొంటాడు, కాస్త లాభం తగ్గుతుంది" అంటాం. కూలివారు అమ్ముకునే సరుకు వారి రోజు. దానికి కూడా ఒక్కరే కొనుగోలుదారు ఉన్నచోట ఇదే నీతి చెల్లాలి కదా. కొనేవాడు ఒక్కడే ఉన్న బజారు గురించి జోన్ రాబిన్సన్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1933లోనే వివరంగా రాసింది.

మన కళ్లముందరి ఉదాహరణ చెబుతాను. తెల్లవారుజామున చించినాడ వంతెన దగ్గర నిలబడితే ఆడవాళ్లను ఎక్కించుకుని రొయ్యల షెడ్లకు వెళ్లే వ్యాన్లు కనిపిస్తాయి. ఇక్కడ కూర్చున్నవారిలో కూడా అలా వెళ్లేవారు ఉన్నారు. తలలు తీయడం, ఒలవడం, మంచునీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కేదాకా పని. కిలోకు ఇంత అని లెక్క. ఊరికి ఒకటే వ్యాను, ఒకడే మేస్త్రీ. అతని దగ్గర ముందే బయానా తీసుకుని ఉంటారు. ఆ వ్యాను కాదంటే వేరే వ్యాను రాదు.

అలాంటిచోట మేస్త్రీ లెక్క ఎలా ఉంటుందో చూడండి. నలభైమంది రోజుకు మూడు వందలకు వస్తున్నారు అనుకుందాం. ఇది కేవలం లెక్క కోసం చెప్పే అంకె. నలభై ఒకటో మనిషి రావాలంటే మూడు వందల ఇరవై ఇవ్వాలి. కానీ ఆమెకు ఇస్తే మిగతా నలభైమందీ అడుగుతారు. అంటే ఆ ఒక్క మనిషికి అయ్యే అసలు ఖర్చు మూడు వందల ఇరవై కాదు, దాని మీద మరో ఎనిమిది వందలు. అందుకే అతను నలభైతోనే ఆగిపోతాడు. సరుకు ఉన్నా మనుషులు దొరకడం లేదంటాడు. ఇప్పుడు చట్టం అందరికీ మూడు వందల ఇరవై అని గీత గీసి, గట్టిగా అమలు చేసిందనుకోండి. నలభైమందికి ఎటూ ఇవ్వాలి. నలభై ఒకటో మనిషికి కూడా అంతే, ఎక్కువేమీ కాదు. ఆమెను కూడా ఎక్కించుకుంటాడు. కూలి పెరిగింది, పనీ పెరిగింది. ఈ లెక్క అన్నిచోట్లా పనిచేయదు. కొనేవారి చేతిలో పెత్తనం ఉన్నచోట, ఆ పెత్తనం వల్ల మిగులు ఉన్నచోట పనిచేస్తుంది. గీత ఆ మిగులును దాటిపోతే వ్యాను రావడం మానేస్తుంది.

దీనికి మన రాష్ట్రంలోనే గట్టి సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బును స్మార్ట్ కార్డుల ద్వారా సకాలంలో, దారిలో కాజేయకుండా ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు, కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు 157 మండలాల్లో దాని ఫలితాన్ని కొలిచారు. అవి మన గోదావరి మండలాలు కావు. అయినా మన మనుషులే. ప్రభుత్వ పని నమ్మకంగా దొరికిన మండలాల్లో రైతుల చేలల్లో కూలి కూడా పెరిగింది. అంతవరకు అందరూ ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, కూలి పెరిగినా ప్రైవేటు పనుల్లో పని దినాలు తగ్గలేదు, పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన చోట్ల ఈ ప్రభావం మరింత ఎక్కువగా కనిపించింది. ఈ పరిశోధన చదివిన రోజు మా తరగతి నల్లబల్ల మీది రెండు గీతలూ గుర్తుకొచ్చాయి. ఎంతమంది పిల్లలకు సగం పాఠం చెప్పి పంపానో అనిపించింది.

[సభలో నుంచి ఒక రైతు: "మాస్టారూ, మరి 2011లో మేం పంట విరామం ప్రకటించింది కూలి భరించలేకే కదా? మీ పరిశోధన మా చేలోకి వచ్చి చూసిందా?"]

కూర్చోండి బాబాయ్, మంచి మాట అడిగారు. దాటేయను. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. దేశమంతా మనవైపు చూసింది. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చి అధ్యయనం చేసింది. ఆ రోజుల్లో నేనూ ఊరూరా తిరిగి విన్నాను. గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ధాన్యం కొనేవారు లేరు, ఎరువు పెరిగింది, ఉపాధి హామీ వచ్చి కూలీలు దొరకడం లేదు. ఇవన్నీ చెప్పారు, అన్నీ నిజమే. కానీ బాబాయ్, నేను అడిగిన చోటల్లా ఖర్చుల జాబితాలో కౌలు చివరిగా వచ్చేది, నేను గుర్తు చేస్తేనే వచ్చేది. ఈ డెల్టాలో చేలోకి దిగి సాగు చేసేవారిలో ఎక్కువమంది కౌలు రైతులు. ఎకరానికి అయ్యే ఖర్చులో కౌలు ఎంత పెద్ద ముక్కో మీకు తెలుసు. అది ఖర్చులాగా కాక, ముందే తీసి పక్కన పెట్టిన మొక్కుబడిలాగా చూస్తున్నాం. మద్దతు ధర యాభై రూపాయలు పెరిగిన ఏడాది మక్తా ఒక బస్తా పెరగడం చూశాను. కూలి పెరిగిన ఏడాది మక్తా ఒక కుంచం తగ్గడం మాత్రం చూడలేదు.

[అదే రైతు: "భూమిగలవాళ్లు తగ్గించకపోతే మేమేం చేస్తాం? మేం కాదంటే ఇంకొకడు చేస్తాడు."]

చూడండి, అసలు సంగతి మీరే చెప్పారు. "మేం కాదంటే ఇంకొకడు చేస్తాడు." వ్యాను కోసం నిలబడిన ఆడమనిషి కూడా సరిగ్గా ఇదే మాట చెబుతుంది. భూమి దగ్గర మీ పరిస్థితి, షెడ్డు దగ్గర ఆమె పరిస్థితి ఒకటే. ఆమెకు కనీసం కాగితం మీద ఒక చట్టం ఉంది. మీకు కూడా ఉండేది. 1956లో వచ్చిన కౌలుదారీ చట్టంలో కౌలు ఇంతకు మించకూడదని గరిష్ఠ హద్దు రాశారు. ఆ హద్దు ప్రకారం కౌలు కట్టిన మనిషిని నేను ఇంతవరకు కలవలేదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల కార్డు ఇస్తారు, పంట రుణానికి, నష్టపరిహారానికి ఉపయోగపడుతుంది. కానీ ఒప్పందం మీద భూమిగలవారి సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు భూమి ఉండదేమో అన్న భయం. కింద కనీస కూలి పెట్టి, పైన గరిష్ఠ కౌలును గాలికి వదిలేస్తే, పెరిగిన ప్రతి రూపాయికీ కౌలు రైతు కూలి మనిషి మీద కోపం తెచ్చుకుంటాడు. పేదవాడికి పేదవాడే శత్రువుగా కనిపిస్తాడు. మా ఇంట్లో జరిగింది అదే.

భూమిగలవారందరూ మేడల్లో లేరన్నది కూడా నాకు తెలుసు. ఎకరం భూమి మక్తాకు ఇచ్చి దాని మీదే బతికే వితంతువులు మన ఊళ్లలో ఉన్నారు. వారిని దృష్టిలో పెట్టుకునే ఏ హద్దయినా రాయాలి. పంట దిగుబడి ఇంతకు పడిపోతే మక్తా ఇంత తగ్గాలి అని ఒప్పందంలోనే రాసుకోవడం అందరికీ న్యాయమైన మొదటి అడుగు అని నేను నమ్ముతున్నాను.

ఇక వరికోత యంత్రం. కూలి పెరిగింది కాబట్టే యంత్రం వచ్చిందని అంటారు. కొంత నిజం. కానీ మన దగ్గర కోత నెల అంటే తుఫాను నెల. కోతకు వచ్చిన చేను మూడు రోజులు ఆగితే ఏమవుతుందో 1996 చూసిన మనిషికి చెప్పనక్కరలేదు. కూలి సగానికి తగ్గినా యంత్రం వచ్చేదే. అయితే దాని వల్ల ఎవరికి ఏం పోయిందో లెక్క రాసినవారు లేరు. కోత కూలి పోయింది. కుప్పనూర్పిళ్ల కూలి పోయింది. అరవై దాటిన ఆడవాళ్లు కోతల వెనుక పరిగె ఏరుకుని నెలరోజుల గింజలు సంపాదించుకునేవారు, అది పోయింది. యంత్రం గడ్డిని నలిపేస్తుంది కాబట్టి ఒక్క గేదె ఉన్న ఇంటికి మేత కష్టమైంది. వీటిలో ఏదీ కనీస వేతన చట్టం లెక్కలోకి రాదు. యంత్రం వల్ల మిగిలిన డబ్బులో కొంతయినా ఈ ముసలితల్లుల పింఛను రూపంలో తిరిగి రావాలని కోరడం అత్యాశ కాదు.

ఊడ్పుల వారంలో, కోతల వారంలో మన దగ్గర కూలి చట్టం చెప్పినదాన్ని దాటే ఉంటుంది. ముఠాలు ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటాయి. ఆ రోజుల్లో చట్టంతో పని లేదు. చట్టం అవసరం పడేది పని లేని నెలల్లో. షెడ్లలో, ఇటుక బట్టీల్లో, పట్నం దుకాణాల్లో. అన్నిటికన్నా ఎక్కువగా లేసు దగ్గర.

మా అమ్మ మధ్యాహ్నం పని ముగించుకుని, వీధి అరుగు మీద కూర్చుని, దీపాల వేళ దాకా లేసు అల్లేది. నరసాపురం నుంచి ఏజెంటు దారం తెచ్చి ఇచ్చేవాడు, అల్లిన లేసు పట్టుకుని వెళ్లేవాడు. దారపు ఉండల లెక్కన డబ్బు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా మన తీరానికి వచ్చిన పని ఇది. విదేశాలకు వెళ్లే సరుకు. బి.ఎ. చదివే రోజుల్లో ఒకసారి గడియారం పెట్టుకుని అమ్మ పని గంటలు వారం పాటు రాశాను. గంటకు వచ్చింది లెక్కకడితే ఊడ్పుల కూలిలో నాలుగో వంతు కూడా లేదు. ఆమెకు చూపించాను. "ఇది పని కాదురా, ఖాళీగా కూర్చోలేక చేసేది" అంది. ఆ మాట నన్ను కుదిపేసింది. తర్వాత తెలిసింది, మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలో నరసాపురం ప్రాంతానికి వచ్చి ఇదే విషయం పరిశోధించిందని. ఈ ఆడవాళ్లను కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లనే అంత తక్కువ ధరకు ఎగుమతి వ్యాపారం నడుస్తోందని ఆమె రాసింది. అరుగు మీద అమ్మ అన్న మాట, 1957 మహాసభ తీర్మానంలోని మాట ఒకటే.

ఇక్కడ చట్టం మూగది కాదు. కిలో లెక్కన, ఉండల లెక్కన పనిచేసేవారికి ముక్క రేటు నిర్ణయించకపోతే, రోజుకు నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని 1948 చట్టం 17వ సెక్షనులో ఉండేది. 2019లో పార్లమెంటు చేసి, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్‌లో కూడా ఆ నియమం ఉంది. పైగా పాత చట్టం జాబితాలో ఉన్న పనులకే వర్తించేది, కోడ్ ఆ జాబితా పద్ధతిని తీసేసింది. తక్కువ ఇచ్చినవారికి పాత చట్టంలో ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. ఇప్పుడు మొదటి తప్పుకు 50 వేల దాకా జరిమానా. బకాయి కోసం అర్జీ పెట్టుకునే గడువు ఆరు నెలలు ఉండేది, మూడేళ్లయింది. ఇది చాలా మంచి మార్పు.

అయితే లేసుకు రేపటి నుంచి ఊడ్పుల కూలితో సమానంగా ఇవ్వాలని పట్టుబడితే ఏమవుతుంది? దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1938లో అమెరికా గంటకు 25 సెంట్ల కనీస వేతనం పెట్టి, తన అధీనంలోని ప్యూర్టోరికో ద్వీపానికీ అదే వర్తింపజేసింది. అక్కడి ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని కుట్టుపని, అల్లికపని చేసి గంటకు కొన్ని సెంట్లు సంపాదించేవారు. గీత వారికి తలకు చాలా ఎత్తున పడింది. ఎగుమతి చేసేవారు పని ఇవ్వడం తగ్గించేశారు. కుట్టుపని దెబ్బతింది. చివరికి 1940లో చట్టాన్ని సవరించి, ఒక్కొక్క పరిశ్రమకు విడిగా సంఘాలను వేసి తక్కువ రేట్లు నిర్ణయించుకునే వీలు కల్పించారు. మా అమ్మలాంటి ఆడవాళ్లే వాళ్లు. వారికి మేలు చేయబోయిన చట్టమే వారి చేతిలో సూది లాక్కుంది.

కాబట్టి లేసుకు ఒక్క దెబ్బతో కాదు, మెట్టుమెట్టుగా పెంచాలి. దేనిలో నుంచి పెంచాలి? అరుగు మీది ఆడమనిషికి, విదేశీ దుకాణానికి మధ్య ఎన్ని చేతులు ఉన్నాయో, ఒక్కొక్క చేతిలో ఎంత ఆగుతుందో ముందు తెలియాలి. ముక్క రేటు నిర్ణయించే సంఘంలో లేసు అల్లే ఆడవాళ్లే కూర్చోవాలి. ఇది జరిగితే పని పోకుండానే కూలి పెరుగుతుందని నా నమ్మకం, ఎందుకంటే పెరిగేది మధ్యవారి బస్తాలో నుంచి.

నేను చెప్పవలసినది చాలావరకు అయింది. ఒక పని మాత్రం మొదలుపెడదాం. మన రాష్ట్రంలో ధరల సూచీని బట్టి కరువు భత్యం కలిపి కనీస వేతనాలను ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తారు. ఆ కాగితం మన పంచాయతీ గోడ మీద కనిపించదు. ఈసారి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి నేనే అతికిస్తాను. ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి ఇక్కడే వరండాలో కూర్చుంటాను. షెడ్డుకు వెళ్లే అమ్మలు ఏ రోజు ఎన్ని కిలోలు ఒలిచారు, ఎన్ని గంటలు పట్టింది, ఎంత ఇచ్చారు అని చిన్న పుస్తకంలో రాసుకుని తీసుకురండి, రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. లేసు అల్లేవారు ఉండల లెక్క, గంటల లెక్క తీసుకురండి. కౌలు రైతులు ఎకరం ఖర్చుల లెక్క తీసుకురండి, అందులో మొదటి వరుసలో మక్తా రాయండి. అర్జీలు నేను రాసిపెడతాను. ఈ లెక్కలన్నీ ఒకే బల్ల మీద, పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. బాబాయ్ ఇప్పటికే అడిగారు కాబట్టి, ముందు వరుసలోకి వచ్చి కూర్చున్న అమ్మలకు ఇస్తున్నాను మైకు.